పంచాయతీ ఇంటర్నెట్‌కు ఆపత్కాల విద్యుత్తు

2018వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుఫాను శ్రీకాకుళము జిల్లా పలాస ప్రాంతమున తీరము దాటినది. ఉద్దానపు కొబ్బరితోటలు నేలకొరిగినవి. విద్యుత్ స్తంభములు వేలకొలది కూలినవి. అనేక గ్రామములు దినముల తరబడి చీకటిలో నుండవలసి వచ్చినది. అట్టి సమయమున అన్నము, నీరు, మందులతోపాటు గ్రామమునకు కావలసినది వార్త. ఎవరికి ఏమైనది, సహాయము ఏ వీధికి రావలెను, దారి ఎచట తెగినది అను సంగతులు పైకి చేరవలెను. వానిని చేరవేయు సాధనము కూడ విద్యుత్తు లేక మూగవోయినచో ఆపద రెండింతలగును.

అంతటి తుఫాను ప్రతియేట రాదు. కాని వేసవిలో ఒక గాలివాన, తీగపై విరిగిపడిన ఒక కొమ్మ, సబ్‌స్టేషనులో ఒక మరమ్మతు, వీనిలో ఏదైనను చాలును. పంచాయతీ కార్యాలయమున ఆ పూట పనులన్నియు నిలిచిపోవును. 2020వ సంవత్సరము ఏప్రిల్ 24న ప్రారంభమైన ఈ-గ్రామస్వరాజ్‌లో పంచాయతీ జమాఖర్చులు వ్రాయుటకు నెట్‌వర్క్ ఉండవలెను. ధ్రువీకరణ పత్రమునకు అర్జీ పెట్టుటకు నెట్‌వర్క్ ఉండవలెను. "కరెంటు లేదు, రేపు రండు" అని మనము సులభముగ చెప్పుదుము. కూలి మానుకొని వచ్చినవానికి ఆ మాట ఒక దినపు కూలి ఖరీదు చేయును.

ఈ నష్టమును తప్పించుటకు కావలసిన విద్యుత్తు ఎంత? సాధారణముగ పంచాయతీ కార్యాలయపు నెట్‌వర్క్ పరికరములన్నియు కలిసి వాడుకొనునది రెండు మూడు ఎల్.ఇ.డి. దీపములు వెలుగుటకు చాలునంత మాత్రమే. ఈ సంగతి తెలియకపోవుటచేత కొన్ని పంచాయతీలు అవసరమునకు మించిన ధనమును వెచ్చించుచున్నవి. మరికొన్ని తప్పు వస్తువును కొని, అది పనిచేయలేదని విసిగి, ఆ ప్రయత్నమునే మానుకొనుచున్నవి.

ఈ రచయిత ఒక పంచాయతీ కార్యాలయమునకు వెళ్ళినపుడు చూచిన దృశ్యము ఇందుకు నిదర్శనము. మూలన, దస్తావేజుల కట్టలక్రింద, 600 వి.ఎ. యూపీఎస్ ఒకటి కూతలు పెట్టుచుండెను. "ఇది అయిదు నిమిషములైనను ఆగదండీ" అని కార్యదర్శి చెప్పిరి. పరిశీలింపగా కంప్యూటరుతోపాటు లేజరు ప్రింటరు కూడ దానికే తగిలించియున్నది. బ్యాటరీ మార్చి మూడేండ్లు దాటినది. అన్నిటికంటె వింత యేమనగా, ఇంటర్నెట్ తెచ్చు రౌటరు యూపీఎస్‌కు కాక గోడ సాకెట్టుకు తగిలించబడియున్నది. కరెంటు పోగానే కంప్యూటరు వెలుగుచునేయుండును గాని, దానికి దారి చూపు రౌటరు ఆరిపోవును. ఆ యూపీఎస్ కొత్తదైనపుడు కూడ ఆ కార్యాలయమునకు ఒక్క నిమిషము ఇంటర్నెట్ ఇచ్చియుండదు. ఇందులో తప్పు కార్యదర్శిది కాదు. కొనునపుడు "కంప్యూటరుకు యూపీఎస్" అని అడిగిరి. అంగడివాడు కంప్యూటరుకే ఇచ్చెను.

నెట్‌వర్క్ వచ్చు దారి

ఎంపికకు ముందు నెట్‌వర్క్ గ్రామమునకు ఏ దారిన వచ్చుచున్నదో తెలిసికొనుట మంచిది. పంచాయతీలకు ఫైబరు తీగ వేయు జాతీయ పథకము 2011లో ఆమోదము పొందినది. 2015 నుండి దానిని భారత్‌నెట్ అని పిలుచుచున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో ఫైబర్‌నెట్ సంస్థ, తెలంగాణలో టి-ఫైబర్ సంస్థ ఈ పనిలో పాలుపంచుకొనినవి. పలుచోట్ల పద్ధతి ఇట్లుండును. మండల కేంద్రమునందో, దానికి సమీపముననో ఓ.ఎల్.టి. అను పెద్ద పరికరముండును. అచటినుండి బయలుదేరిన ఫైబరు దారిలో చీలికలై ఒక్కొక్క గ్రామమునకు చేరును. పంచాయతీ కార్యాలయమున దానిని అందుకొను చిన్న పెట్టె పేరు ఓ.ఎన్.టి. దానికి తగిలించిన రౌటరు గదిలోని కంప్యూటర్లకు, ఫోనులకు ఇంటర్నెట్ పంచును.

ఇందు మనకు ఉపకరించు విశేషమొకటి కలదు. ఫైబరులో ప్రయాణించునది వెలుగు. నడుమ చీల్చు పెట్టె గాజుతో చేసినది. దానికి విద్యుత్తు అక్కరలేదు. కనుక దారి పొడవున కరెంటు లేకపోయినను బాధ లేదు. రెండు కొనలయందు మాత్రముండిన చాలును. ఒక కొన మనది, రెండవ కొన మండల కేంద్రముది.

రెండవ కొనలో కరెంటు నిలిచి, అచటి బ్యాటరీలు కూడ అయిపోయినచో మన కొనలో ఎంత గొప్ప ఇన్వర్టరున్నను ప్రయోజనము శూన్యము. ఇది ముందుగా తేల్చుకొనవలసిన సంగతి. తేల్చుకొనుటకు ఉపాయము సులభమైనదే. గ్రామమున కరెంటు పోయినపుడు ఓ.ఎన్.టి.ని తాత్కాలికముగ ఏదైన బ్యాటరీపై వెలిగించి, దాని ముఖముపై నున్న దీపములను చూడుడు. పాన్ అని వ్రాసిన దీపము నిలకడగ వెలుగుచున్నయెడల అవతలి కొన సజీవముగ నున్నది. లాస్ అని వ్రాసిన ఎర్రదీపము వెలిగినను, మినుకుమినుకుమనినను వెలుగు రావడము లేదని అర్థము. అవతల కరెంటైనను లేదు, తీగయైనను తెగినది. ఒక్కసారి చూచి నిర్ణయింపరాదు. పది నిమిషముల నిలుపుదలలో ఒక మారు, రెండు మూడు గంటల నిలుపుదలలో ఒక మారు చూడవలెను. అవతలి కొన గంటకే ఆరిపోవుచున్నయెడల మనము నాలుగు గంటల బ్యాటరీ కొనుట వృథా. అపుడు చేయవలసిన పని కొనుగోలు కాదు. తేదీలు, వేళలు వ్రాసి నెట్‌వర్క్ నిర్వహించు సంస్థకు పంచాయతీ తరఫున లేఖ వ్రాయుట. చూచిన దినముల పట్టికతో కూడిన లేఖను త్రోసిపుచ్చుట కష్టము.

2023లో ఆమోదించిన సవరించిన భారత్‌నెట్ పథకమున మండలమునుండి గ్రామములకు ఫైబరును ఉంగరమువలె చుట్టివేయు పద్ధతి పెట్టిరి. ఒకచోట తీగ తెగినను వార్త మరొక ప్రక్కనుండి వచ్చును. ఈ పద్ధతిలో పంచాయతీలోని పరికరము మన గ్రామమునకే కాక ప్రక్క గ్రామములకు కూడ దారి యగును. ఉంగరములో రెండు చోట్ల పరికరములు ఆరినచో నడుమనున్న గ్రామములకు దారి మూసికొనిపోవును. కావున మీ కార్యాలయమున అట్టి పరికరమున్నయెడల దాని విద్యుత్తు విషయమున మరింత జాగరూకత అవసరము. అది సంస్థ ఆస్తి గనుక దాని ప్లగ్గు తీసి వేరొకచోట పెట్టుటకు ముందు వారి అనుమతి తీసికొనవలెను.

ఎంత భారము, ఎంతసేపు

ఇక లెక్క. భయపడనక్కరలేదు, నూనె ఖర్చు తెలిసినవారికి ఇది తెలిసినట్లే. దీపపు వత్తి ఎంత లావైన అంత త్వరగ నూనె అయిపోవును. వత్తి లావును వాట్లలో కొలుతుము. పాత్రలోని నూనెను వాట్-గంటలలో కొలుతుము. 20 వాట్ల పరికరము 4 గంటలు పనిచేసినచో 80 వాట్-గంటలు ఖర్చగును.

ప్రతి పరికరమునకు గోడకు తగిలించు అడాప్టరుపై వోల్టులు, ఆంపియర్లు ముద్రించియుండును. వానిని గుణించిన వాట్లు వచ్చును. 12 వోల్టులు, 1.5 ఆంపియర్లు అనియున్నచో 18 వాట్లు. ఇది అడాప్టరు ఇయ్యగల గరిష్ఠము. పరికరము వాస్తవముగ వాడుకొనునది తరచు దానిలో సగము. ఓ.ఎన్.టి. సుమారు 10 వాట్లు, రౌటరు 8 వాట్లు, కంప్యూటర్లను కలుపు చిన్న స్విచ్చి 4 వాట్లు అనుకొందము. మొత్తము 22 వాట్లు. ప్లగ్గుకు నడుమ తగిలించి వాట్లు చూపు చిన్న మీటరు అంగళ్ళలో దొరకును. ఎలక్ట్రీషియనువద్ద అది యున్నచో అరగంటలో నిజమైన అంకెలు తెలియును.

ఇపుడు కంప్యూటరును చూడుడు. తెరతో కూడిన డెస్క్‌టాప్ కంప్యూటరు సుమారు 100 వాట్లు తినును. అనగా నెట్‌వర్క్ పరికరములన్నిటికి నాలుగైదు రెట్లు. లేజరు ప్రింటరు వేడెక్కు క్షణములలో కొన్ని వందల వాట్లు లాగును. దానిని బ్యాటరీమీద పెట్టనే కూడదు. ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ దానిలోనే యున్నది. కనుక ఈ రచయిత అభిప్రాయమున, పాత డెస్క్‌టాప్ మార్చవలసిన తరుణము వచ్చిన పంచాయతీ ల్యాప్‌టాప్ కొనుటయే ఆపత్కాల విద్యుత్తుకు వేయు మొదటి అడుగు. అపుడు పంచాయతీ మోయవలసిన భారము ఆ 22 వాట్లు మాత్రమే.

ఎంతసేపు అను ప్రశ్నకు జవాబు ఊహలో దొరకదు. ఒక నోటుపుస్తకము తీసికొని, రెండు నెలలపాటు కార్యాలయ వేళలలో కరెంటు ఎపుడు పోయినది, ఎపుడు వచ్చినది వ్రాయించుడు. గ్రామములో అందరు "రోజూ పోవును" అందురు. పుస్తకము చూచిన తరువాత చాల మారులు పది నిమిషములు, నెలకు ఒకటి రెండు మారులు రెండు మూడు గంటలు అని తేలవచ్చును. అట్లు తేలినచో నాలుగు గంటల ఏర్పాటు చాలును. తుఫానులు తగులు తీర గ్రామములు, అడవి నడుమ నుండి తీగ వచ్చు ఏజెన్సీ గ్రామములు వేరు. అచట దినముల లెక్క వేయవలెను. అందులకు సౌరశక్తి ప్రస్తావన క్రింద రాగలదు.

అంగడిలో దొరకునవి

అంగడిలో ముఖ్యముగ మూడు విధములైన సాధనములు దొరకును.

మొదటిది రౌటరు యూపీఎస్ లేక మినీ యూపీఎస్ అని అమ్మబడు చిన్న పెట్టె. ఇది అడాప్టరుకు, రౌటరుకు నడుమ కూర్చుండును. రౌటరుకు కావలసిన 12 వోల్టుల ఏకముఖ విద్యుత్తునే సూటిగ ఇచ్చును. ఇది చాల పొదుపరి. కారణమేమనగా, పెద్ద యూపీఎస్ లేక ఇన్వర్టరు బ్యాటరీలోని 12 వోల్టులను 230 వోల్టులుగ మార్చును. మరల అడాప్టరు ఆ 230ని 12గ మార్చును. ఊరినుండి పట్టణమునకు పోయి మరల ఊరికే వచ్చినట్లు. ఈ రాకపోకలలో కొంత వ్యర్థమగును. అంతేకాక ఇన్వర్టరు ఏ పనియు లేకున్నను తనకొరకే పది, పదిహేను వాట్లు తినుట కలదు. 22 వాట్ల భారమును మోయుటకు 12 వాట్లు తిను కూలివానిని పెట్టుకొనుట వంటిది.

మినీ యూపీఎస్ కొనునపుడు ఒక మాయ కలదు. పెట్టెపై 10,000 ఎం.ఎ.హెచ్. అని పెద్ద అక్షరములతో వ్రాసియుండును. 12 వోల్టులతో గుణించి 120 వాట్-గంటలని మురియరాదు. ఆ అంకె లోపలి లిథియం ఘటముల వోల్టుల ప్రకారము, అనగా 3.7 వోల్టుల ప్రకారము వ్రాసినది కావచ్చును. అపుడు వచ్చునది 37 వాట్-గంటలే. వ్యర్థమగునది పోగా సుమారు 31. 18 వాట్ల భారమునకు ఇది ఒక గంట నలుబది నిమిషములు వచ్చును, అదియు కొత్తదైనపుడు. కావున "ఎన్ని వాట్-గంటలు?" అని అడుగవలెను. జవాబు చెప్పలేని అంగడివానివద్ద కొనవలదు. పరికరమునకు కావలసిన వోల్టులు, ఆంపియర్లు పెట్టె ఇయ్యగలదా, దాని పిన్ను రౌటరుకు సరిపడునా, పిన్నులో ధనధ్రువము లోపల నున్నదా వెలుపల నున్నదా అనునవి కూడ సరిచూడవలెను. 9 వోల్టుల రౌటరుకు 12 వోల్టులు తగిలించినచో అది కాలిపోవచ్చును.

నాలుగు గంటలు కావలెనన్న లెక్క ఇది: 22 వాట్లను 4తో గుణింపగా 88 వాట్-గంటలు. వ్యర్థము కలుపగా సుమారు 104. బ్యాటరీ ముసలిదగుకొలది తరుగును గనుక నాలుగవ వంతు అదనము వేసికొనగా 130. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అను జాతి బ్యాటరీ 12.8 వోల్టులు, 12 ఆంపియరు-గంటలది తీసికొన్నచో 150 వాట్-గంటలు దాటును. మన అవసరము తీరును. అయితే బ్యాటరీని నేరుగా రౌటరుకు తగిలింపరాదు. ఛార్జి అగుచున్న వేళ దాని వోల్టులు 14 దాటును. నడుమ 12 వోల్టులకు నిలుపు రెగ్యులేటరు ఉండవలెను. రెండును ఒకే పెట్టెలో కూర్చి అమ్మువారున్నారు.

రెండవది కంప్యూటరు యూపీఎస్. 600 వి.ఎ. అనగా 600 వాట్లు కాదు. సామాన్యముగ 360 వాట్లే. అదియు ఎంత భారము మోయగలదో చెప్పునుగాని ఎంతసేపు మోయునో చెప్పదు. లోపలి బ్యాటరీ చాలవరకు 12 వోల్టులు, 7 ఆంపియరు-గంటలది. 84 వాట్-గంటలు. ఈ 7 అను అంకె నెమ్మదిగ 20 గంటలపాటు వాడినపుడు వచ్చునది. త్వరగ లాగినకొలది సీసపు బ్యాటరీ తక్కువ ఇచ్చును. 100 వాట్ల కంప్యూటరుకు కొత్తదైనను పదిహేను, ఇరువది నిమిషములే. దానిని తయారుచేసిన ఉద్దేశ్యమే అది: పని భద్రపరచి కంప్యూటరును సక్రమముగ ఆపుటకు వ్యవధి ఇచ్చుట. గంటల పనికి దానిని వాడుట ఎడ్లబండికి గుర్రపుపందెము పెట్టినట్లగును. కొన్ని యూపీఎస్‌లు భారము మరీ తక్కువగ నున్నచో ఎవరును వాడుట లేదనుకొని తమంతట తామే ఆరిపోవును. ఒక్క రౌటరును మాత్రమే తగిలింపదలచినవారు ఈ సంగతి ముందే అడిగి తెలిసికొనవలెను.

మూడవది ఇండ్లలో వాడు ఇన్వర్టరు, దాని పెద్ద బ్యాటరీ. దీపము, పంకా, డెస్క్‌టాప్ అన్నియు నడువవలెనన్న ఇదియే మార్గము. నెట్‌వర్క్, ఒక డెస్క్‌టాప్, ఒక దీపము కలిసి 150 వాట్లనుకొందము. 4 గంటలకు 600. ఇన్వర్టరు వ్యర్థముతో 750. సీసపు బ్యాటరీని ప్రతి మారు అడుగంట వాడినచో త్వరగ చచ్చును గనుక సగమే వాడుకొందుమని పెట్టుకొన్నచో 1,500 వాట్-గంటల బ్యాటరీ కావలెను. 12 వోల్టులకు 125 ఆంపియరు-గంటలు. అంగడిలో దొరకు 150 ఆంపియరు-గంటల ట్యూబులర్ బ్యాటరీ సరిపోవును. పంకాలు కలుపుదుమన్నచో లెక్క మరల వేయవలెను. సభ్యులందరికి గాలి కావలెనని ఒకటి రెండు పంకాలు తగిలించిన తరువాతనే చాల కార్యాలయములలో ఇంటర్నెట్ ముందుగ ఆరిపోవుచున్నది. ఇన్వర్టరున్నను రౌటరుకు, ఓ.ఎన్.టి.కి వేరుగ మినీ యూపీఎస్ ఒకటి పెట్టుట తెలివైన పని. పెద్దది అయిపోయినను చిన్నది నిలుచును.

ఇన్వర్టరు కొనునపుడు ప్యూర్ సైన్‌వేవ్ దానినే కోరుడు. చతురస్ర తరంగము ఇచ్చు చౌకరకములపై పంకాలు గుయ్యిమని మ్రోగును. కొన్ని కంప్యూటర్లు మొరాయించును. కరెంటు పోయిన క్షణమునకు, ఇన్వర్టరు అందుకొను క్షణమునకు నడుమ కొంత ఎడముండును. పలు ఇన్వర్టర్ల వెనుక యూపీఎస్, సాధారణము అని రెండు నిలుకడలు గల మీట యుండును. దానిని యూపీఎస్ వైపు పెట్టినచో ఎడము తగ్గి కంప్యూటరు తిరిగి మొదలు పెట్టదు. సాధారణపు వైపు పెట్టినచో ప్రతి నిలుపుదలకు కంప్యూటరు ఆరి మరల వెలుగవచ్చును. రౌటరుకును అట్లే జరిగినచో రెండు మూడు నిమిషములు నెట్ పోవును. ఎడము ఏ మాత్రము లేని ఆన్‌లైన్ యూపీఎస్‌లు కూడ కలవు. అవి ఖరీదైనవి, నిరంతరము విద్యుత్తు తినునవి. మండల కేంద్రములోని పరికరములకు తగునుగాని పంచాయతీకి అనవసరము.

వోల్టేజి పడిపోవు గ్రామములు

ఫీడరు చివరనున్న గ్రామములలో మోటార్లు నడుచు వేళ వోల్టేజి 180కి, ఒక్కొక్కచోట అంతకంటె దిగువకు పడిపోవును. పెక్కు యూపీఎస్‌లు దానిని కరెంటు పోయినట్లే భావించి బ్యాటరీకి మారును. దీపము మినుకుమినుకుమనుచునే యుండును; ఎవరును గమనింపరు. నిజముగ కరెంటు పోవువేళకు బ్యాటరీ ఖాళీ. అట్టి గ్రామములవారు తక్కువ వోల్టేజిని కూడ స్వీకరింపగల యూపీఎస్‌ను ఎన్నుకొనవలెను, లేక ముందు ఒక స్టెబిలైజరు పెట్టవలెను. రౌటరు అడాప్టర్లు చాలవరకు 100 నుండి 240 వోల్టులవరకు పనిచేయగలవు. వాని వెనుక కూర్చుండు మినీ యూపీఎస్‌కు ఈ బాధ తక్కువ. చిన్నదానికి ఓటు వేయుటకు ఇది మరొక కారణము.

పిడుగుల విషయమున అందరికి ఒక భ్రమ కలదు. ఫైబరు వెలుగును మోయును గనుక పిడుగుభయము లేదందురు. ఫైబరు గాజుకు లేదు. కాని పైకప్పుపై నుండి కెమెరాలకో, అంటెన్నాకో వచ్చు రాగి తీగ, కరెంటు తీగ, ఈ రెండును పిడుగుదెబ్బను గదిలోనికి తెచ్చును. దీనికి మందు మంచి ఎర్తింగు. కార్యాలయమునకు ఎర్తు గుంట యున్నదా, దానికి తీగ తెగక చేరినదా, వేసవిలో నీరు పోయుచున్నారా అని చూడుడు. ఎలక్ట్రీషియనుచే న్యూట్రల్‌కు, ఎర్తుకు నడుమ వోల్టులు కొలిపించుడు. అవి రెండు మూడు వోల్టులకు మించియున్నచో బాగుచేయించిన తరువాతనే కొత్త పరికరములు తగిలించుడు.

సూర్యుని వాడుకొనుట

దినముల తరబడి కరెంటు పోవు గ్రామములకు బ్యాటరీ మాత్రమే చాలదు; దానిని నింపు మార్గము కావలెను. తెలుగునేలపై సగటున రోజుకు అయిదు గంటల నిండు ఎండకు సమానమైన వెలుగు పడును. నెట్‌వర్క్ పరికరములు రాత్రింబవళ్ళు 25 వాట్లు వాడునని లెక్కించినచో దినమునకు 600 వాట్-గంటలు. వేడి, దుమ్ము, ఛార్జి చేయుటలో వ్యర్థము మూడు వంతులు తీసివేసి, పదింట ఏడు వంతులే చేతికి వచ్చునని పెట్టుకొన్నచో సుమారు 170 వాట్ల పలక కావలెను. 200 వాట్లది ఒకటి కొనిన చాలును. ఒక దినము మబ్బు పట్టినను నిలుచుటకు 12 వోల్టులు, 100 ఆంపియరు-గంటల సీసపు బ్యాటరీ కావలెను. పలకను దక్షిణ ముఖముగ, నీడ పడని చోట బిగింపవలెను. ఒక్క కొబ్బరాకు నీడ పలక మీద పడినను రాబడి సగము తగ్గుట కలదు. తుఫాను ప్రాంతమైనచో చట్రమును కాంక్రీటులో నాటవలెను. తుఫానుకు ముందు పలకను విప్పి లోపల పెట్టుకొనుటకు వీలుగ బిగించుకొన్నవారు మరింత తెలివైనవారు.

కొనిన తరువాత

బ్యాటరీకి శత్రువు వేడిమి. 25 డిగ్రీలకు పైన ప్రతి పది డిగ్రీలకు సీసపు బ్యాటరీ ఆయుష్షు సుమారు సగమగునని లెక్క. రేకుల గదిలో, పడమటి గోడకు ఆనించి పెట్టిన బ్యాటరీ రెండేండ్లలో చచ్చినచో తయారీదారును నిందించి ఫలము లేదు. చల్లని, గాలి వచ్చు చోట పెట్టవలెను. ట్యూబులర్ బ్యాటరీ ఛార్జి అగునపుడు హైడ్రోజన్ వాయువు వెలువడును. మూసిన బీరువాలో పెట్టరాదు, దగ్గర అగ్గిపుల్ల గీయరాదు. దానిలో డిస్టిల్డ్ నీరే పోయవలెను. బోరు నీరు పోసినచో అది పాడగుట నిశ్చయము. ఉబ్బిన బ్యాటరీని, అది ఏ జాతిదైనను, వెంటనే తీసివేయవలెను.

నెలకు ఒక మారు, ముందుగ చెప్పి, మెయిను స్విచ్చి ఆపుడు. అరగంటపాటు ఇంటర్నెట్ నిలిచినదా లేదా చూచి నోటుపుస్తకములో వ్రాయుడు. ఇది ఎవరి పని అను విషయము పంచాయతీ తీర్మానములో పేరుతో వ్రాసియుండవలెను. గది తాళపుచెవి కార్యదర్శివద్ద ఒకటి, కార్యాలయ సిబ్బందిలో మరొకరివద్ద ఒకటి ఉండవలెను. తుఫాను రాత్రి తాళము దొరకక బ్యాటరీ ఉండియు లేనట్లగుట తగదు.

కొటేషన్లు పిలుచునపుడు "యూపీఎస్ ఒకటి" అని వ్రాయక, ఎన్ని వాట్ల భారమునకు ఎన్ని గంటలు నిలువవలెనో వ్రాయుడు. బిగించిన దినమున ఆ భారముతో, ఆ గంటలు నడిపి చూపిన తరువాతనే బిల్లు చెల్లింపబడునని కూడ వ్రాయుడు. బ్యాటరీపై తయారైన నెల, సంవత్సరము చూడుడు. అరలో సంవత్సరము పడియున్న సీసపు బ్యాటరీ కొత్తది కాదు. వారంటీ ఎన్ని నెలలు, అందులో ఉచిత మార్పిడి ఎన్ని నెలలు అను రెండు అంకెలు వేరువేరుగ అడుగుడు. భారతీయ ప్రమాణముల సంస్థ నమోదు గుర్తు ఉన్నదా చూడుడు. ఆస్తుల రిజిస్టరులో యూపీఎస్‌కు ఒక పద్దు, బ్యాటరీకి వేరొక పద్దు ఉండుట మేలు. బ్యాటరీ ముందుగ మారవలసిన వస్తువు. దానికి ముందుగనే బడ్జెటులో చోటు చూపవలెను.

పాత బ్యాటరీని చెరువుగట్టుమీద పారవేయుట, పాతసామానువానికి అమ్మగా అతడు పగులగొట్టి సీసము తీయుట రెండును ప్రమాదకరములు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థముల నియమముల ప్రకారము వానిని తిరిగి తీసికొని శుద్ధి చేయించు బాధ్యత ఉత్పత్తిదారులపై నున్నది. కొత్త బ్యాటరీ తెచ్చిన అంగడికే పాతది ఇచ్చి, దాని వెలను బిల్లులో తగ్గింపించుకొని, రసీదును రిజిస్టరుకు జతపరచవలెను.